మిస్సుకు ఈ ఊర్లె ఎవ్వలు లేరు

ఊర్లె అందరు నన్ను ఆయమ్మ అంటరు. ఎల్కేజీ పోరగాండ్లు అవ్వ అంటరు, మా దిక్కు కన్నతల్లిని గూడ అవ్వనే అంటం. సక్కుబాయి అని నాకొక పేరున్నదని బడి హాజరు పుస్తకానికి ఎరుక, నా బిడ్డకు ఎరుక. పద్నాలుగేండ్లు జమ్మికుంటల ఒక ప్రైవేటు బళ్లె ఊడ్సిన, తుడ్సిన, గంట కొట్టిన, ఊరందరి పిల్లల ముక్కులు కడిగిన. ఆ బళ్లెనే నా బిడ్డను ఇంగ్లీషు టీచరును చేసిన. చేసిన అని ఎందుకంటున్ననంటే తప్పు నాది గనుక. పెద్దసారుది సగం, నాది సగం. ఆయన సగం ఆయన చెప్పుకుంటడో లేదో నాకు అక్కెర లేదు. నా సగం నేను చెప్త.

నా పెనిమిటి కైలాసం సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేసెటోడు. గుండె ఆగి కార్ఖానలనే పడిపోయిండు. అప్పటికి మా నవ్యశ్రీకి పదకొండేండ్లు. మా అన్న సాంబయ్య బెల్లంపల్లిల బొగ్గుబాయిల పని చేస్తుండె. “పిల్లను నా దగ్గర ఇడిసిపెట్టు, సదివిస్త, నువ్వు నీ పొట్ట చూసుకో” అన్నడు. జమ్మికుంటల బళ్లె పని ఉన్నదని ఎవ్వలో చెప్తే నేను ఒక్కదాన్నే ఇక్కడికి వచ్చిన. పిల్ల అక్కడ, నేను ఇక్కడ. బెల్లంపల్లిల ఒక మలయాళం సిస్టరమ్మ దాన్ని దగ్గర కూసోబెట్టుకొని ఇంగ్లీషు నేర్పింది. తర్వాత హాస్టళ్లు, వరంగల్ల పెద్ద సదువు, బీఈడీ. సెలవులు వస్తే నేనే రైలెక్కి బెల్లంపల్లి పోతుంటి. ఒక్కరూముల ఉండేదాన్ని, సదువుకునే పిల్లను తెచ్చి ఏడ పండవెట్టాలె? గట్ల నా బిడ్డ మొఖం జమ్మికుంటల ఒక్కలు గూడ చూసి ఎరుగరు.

దాని సదువు అయిపోయినంక మా పెద్దసారు వంశీధర్‌రావును అడిగిన. పెద్దసారంటే బడి ఆయనదే. తాతల నాటి భూములు, పత్తి మిల్లుల వాటా, ఇంకో చేతిల బడి. “సారూ, నా బిడ్డ ఇంగ్లీషుల ఎమ్మే చేసింది, జర చూడుండ్రి” అన్న. ఆయన చాయ్ తాక్కుంట నవ్విండు. తిట్టినా నేను పడుదును, నవ్విండు. “సక్కుబాయీ, తల్లి చీపురు పట్టిన బళ్లె బిడ్డ చాక్‌పీసు పడితే పేరెంట్సు ఊకుంటరా? నువ్వే చెప్పు” అన్నడు. గ్లాసు తీసుకొని బయటికి వచ్చిన. నా బిడ్డ గూడ నాలుగు ఊర్లు తిరిగింది. ఒక్కొక్క బళ్లె డెమో క్లాసు చెప్పిచ్చుకున్నరు, మంచిగ చెప్పినవన్నరు, ఫోన్ చేస్తమన్నరు. సర్కారు నౌకరికి పరీక్ష రాస్తే జరంతల పోయింది. మా అన్న బాయి పనిల రిటైరయిండు, కొడుకు ఇంట్ల ఉంటుండు, ఆ ఇంట్ల పిల్లకు చోటు ఇరుకైంది.

గప్పుడే మా ఊర్లె కేరళ పిచ్చి వట్టింది. బస్టాండు అవతల ఉన్న బడోళ్లు ఇంత పొడుగు ఫ్లెక్సీ కట్టిండ్రు, మా దగ్గర ఇంగ్లీషుకు కేరళ టీచర్లున్నరని. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊకె అన్లే. మన పిల్లలు మనోళ్ల దగ్గర ఇంగ్లీషు నేర్వరట, కొబ్బరినూనె పెట్టుకున్నామె చెప్తేనే నోరు తిరుగుతదట. ఎండాకాలంల మా టీచర్లు అడ్మిషన్ల కోసం ఇల్లిల్లు తిరిగితే, తలుపు కాడనే అడిగిండ్రు, “మీ కాడ కేరళోళ్లు ఉన్నరా” అని. లేరంటే తలుపు వేసిండ్రు. పెద్దసారు పరేషాన్ అయిండు. ఎవ్వలో ఏజెంటుతోని మాట్లాడి ఒక కేరళామెను ఖాయం చేసుకున్నడు. పేరు జిషా మిస్సట. మనిషి రాకముందే ఫ్లెక్సీ కొట్టిచ్చి గేటుకు కట్టిండు. మనిషి రాలే. రైలు ఎక్కనే లేదట, ఇంకెక్కడనో కుదిరిందట. బడి తెరిచేది ఇంక పది దినాలు.

మూడు దినాలు డెమోలు పెట్టిండ్రు. హుజూరాబాద్ కెళ్లి ఒకామె వచ్చింది, కాయితం చూసి చదివింది, చెమట తుడుసుకుంట చదివింది. ఇంకొకాయన గ్రామరు మంచిగనే చెప్పిండు గని నోరు తెరిస్తె మనూరే ఇనపడ్డది. పెద్దసారు తలకాయ పట్టుకొని కూసున్నడు. నేను చాయ్ పెట్టి నిలవడ్డ. ఆయన నన్ను చూసిండు. శానసేపు చూసిండు.

“సక్కుబాయీ, నీ బిడ్డను ఈ ఊర్లె ఎవలన్న చూసిండ్రా?”

“లేదు సారూ.”

“ఒక్కలు గూడ?”

“ఒక్కలు గూడ.”

గంతే. మిగిలింది మీకు సమజయ్యే ఉంటది. ఫ్లెక్సీ ఎట్లాగు కట్టి ఉన్నది, పేరు ఎట్లాగు ఉన్నది. దానికొక మనిషి కావాలె. నా బిడ్డ జిషా మిస్సు కావాలె. బళ్లెగాని, బజార్లగాని తెలుగు మాట్లాడొద్దు. నా రూముకు రావొద్దు. నేను గూడ ఆమెను అందరి లెక్కనే మిస్ అనాలె. ఆమె ఉండెతందుకు హిందీ మేడమోళ్ల ఇంటి మీది అంతస్తుల ఒక రూము.

నవ్య ఒప్పుకోలే. ఫోన్ల చెప్తే కోపానికొచ్చింది. “అవ్వా, నువ్వు ఊడ్సే బళ్లె నిన్ను ఎరుగనట్టు తిరగాల్నా? నేను చెప్పేది ఇంగ్లీషు, ఆడేది నాటకం గాదు” అన్నది. నేనే దాని మెడలు వంచిన. ఏడ్సిన, అలిగిన, రెండు దినాలు ఫోన్ ఎత్తలే. “ఒక్క ఏడాది, బిడ్డా. ఒక్క ఏడాది అయితే అనుభవం ఉన్నదని కాయితం ఇస్తరు, తర్వాత యాడికన్న పోదువు” అన్న. పైకి గట్ల అన్న గని, లోపల నాకొకటే కోరిక. పద్నాలుగేండ్లు నేను తుడ్సిన బోర్డు మీద నా బిడ్డ రాసుడు చూడాలె. గా ఒక్కటి చూసి సచ్చిపోయినా మంచిదే అనిపించింది. పేరు ఏదైతే ఏంది, రాసే చెయ్యి నా బిడ్డదే గద అనుకున్న.

బడి తెరిచిన పొద్దుగాల గేటు కాడ గంట పట్టుకొని నిలవడ్డ. పెద్దసారు కారుల నుంచి ఒకామె దిగింది. బంగారంచు తెల్లచీర, తడి ఆరని జుట్టు ఇడిసిపెట్టి కొసకు ముడి, నొసట గంధం. నా బిడ్డనే నేను ఒక గడియ గుర్తుపట్టలే. పెద్దసారు అందర్ని చూపిచ్చుకుంట వచ్చి నా కాడ ఆగిండు. “దిస్ ఈజ్ అవర్ ఆయా” అన్నడు. నా బిడ్డ నన్ను చూసి “గుడ్ మార్నింగ్, ఆయమ్మా” అన్నది. నేను నమస్తె పెట్టిన. కన్నబిడ్డకు నమస్తె పెట్టిన తల్లిని నేనొక్కదాన్నే ఉంటనేమో. అయినా ఆ పొద్దు నాకు దుక్కం రాలే. గంట ఎన్నడు లేనంత గట్టిగ కొట్టిన.

అది పాఠం చెప్తుంటే వరండాల తుడుసుకుంట నిలవడుతుంటి. తుడ్సిందే తుడ్సిన. లెక్కల సారు హనుమండ్లు ఒకనాడు “ఆయమ్మా, ఈ వరండాల ఇంక బండలు అరిగిపోతయ్, జర అవతల గూడ తుడువు” అన్నడు. ఏం చెప్తుందో నాకు ఒక్క ముక్క సమజ్ గాకపోతుండె. గని పిల్లలు సప్పుడు చెయ్యకుంట ఇంటుండ్రి, నవ్వుతుండ్రి, అది ఏదన్నా ఒకటి అడుగుతే ముప్పై చేతులు మీదికి లేస్తుండె. బోర్డు మీద దాని రాత ముత్యాలు. సాయంత్రం అందరు పోయినంక ఆ బోర్డు తుడుసుడే నా పని. దానిది అన్నిటికంటె ఆఖరుకు తుడుస్తుంటి.

రెండు నెలలు గడిసినయో లేదో ఊరంతా జిషా మిస్సు జిషా మిస్సు. పత్తి యాపారి ఉపేందర్‌రావు అవతలి బళ్లెకెళ్లి తన మనుమరాలు శ్రేయను తీసి మా బళ్లె వేసిండు. తల్లులు వచ్చి ఆమె పక్కన నిలవడి ఫోటోలు దిగిండ్రు. కేరళోళ్ల ఉచ్చారణే వేరు అనుకుంట పోయిండ్రు. నేను ఇనుకుంట నవ్వుకున్న, బెల్లంపల్లి బొగ్గుబాయి క్వార్టర్ల ఉచ్చారణ అది, మీకేం తెల్సు అని.

నవ్వు ఎక్కువ దినాలు నిలవలే. ఒకనాడు బియ్యప్పిండితోని సర్వపిండి చేసిన. అదంటే నా బిడ్డకు పానం. డబ్బల పెట్టి దాని బల్ల మీద ఉంచిన. మధ్యాన్నం పెద్దసారు నన్ను రూముకు పిలిసిండు. “కేరళామె సర్వపిండి తింటదా సక్కుబాయీ, నీకేమన్న తెలివున్నదా” అన్నడు. డబ్బ నా చేతిల పెట్టిండు. మూత గూడ తియ్యలే ఎవ్వలు. ఇంకొకనాడు శ్రేయకు కడుపునొప్పి వచ్చి క్లాసులనే ఏడ్సింది, తెలుగుల చెప్తుంది, మిస్సేమో తెలువనట్టు నిలవడ్డది, నన్ను పిలవమని ఇంకో పిల్లను పంపింది. నేను ఉరికిపోయి చూస్తే పిల్ల ఎంత ఏడుస్తుందో నా బిడ్డ మొఖం అంతకంటె అధ్వాన్నంగ ఉన్నది. ఆ సాయంత్రం డాబా మీదికెక్కి ఫోన్ చేసింది, గుసగుసగ. హిందీ మేడం ఇంటదని దాని భయం. “అవ్వా, నాతోని గాదే” అన్నది. “ఇంకెన్ని నెలలు బిడ్డా, ఓర్సుకో” అన్న. ఎప్పుడు నోరు తెరిసినా నాకు ఆ ఒక్కమాటే వస్తుండె. ఓర్సుకో. అది ఓర్సుకున్నది, నేను ఓర్సుకున్న. ఎవ్వల కోసమో అప్పుడు ఆలోచన చెయ్యలే.

డిసెంబర్ల పేరెంట్స్ మీటింగు పెట్టిండ్రు. కింద హాల్ల కుర్సీలు, ముంగట స్టేజీ. వచ్చే ఏడాది అడ్మిషన్లు ఈ మీటింగు మీదనే ఉన్నయని పెద్దసారు అందరికి చెప్పిండు. జిషా మిస్సు పిల్లలతోని ఇంగ్లీషుల నాటిక వేయిచ్చింది, చప్పట్లే చప్పట్లు. పొద్దుగాలనే నేను మెట్లు ఫినాయిలు వేసి కడిగిన. జల్దిల ఆరిందో లేదో చూస్కోలే. చాయ్ పళ్లెం పట్టుకొని మెట్లు దిగుతున్న. కాలు జారింది.

ఎట్ల పడ్డనో నాకు యాదికి లేదు. చెయ్యి కింద మడతవడి ఫట్టుమన్నది, నడుము మెట్టుకు కొట్టుకున్నది, గ్లాసులన్ని పలిగినయ్. కండ్ల ముంగట చీకట్లు. ఆ చీకట్లల ఇన్న.

“అవ్వా... అవ్వా, ఏమైందే, అవ్వా, నన్ను చూడే.”

స్టేజీ దిగి చెప్పులు లేకుంట ఉరికొచ్చింది. పలిగిన గ్లాసు పెంకుల మీద కూసోని నా తలకాయ ఒళ్లె పెట్టుకున్నది. ఆరు నెలలాయె నా బిడ్డ చెయ్యి నా ఒంటికి తగలక. కొబ్బరినూనె వాసన వచ్చింది, అయినా అది నా బిడ్డ ఒడే. నొప్పి మాట అబద్ధమెందుకు, పానం పోతుంది. గని ఆ ఒళ్లె ఇంక రెండు గడియలు ఉంటే సాలు అనిపించింది.

కండ్లు తెరిసి చూస్తే పెద్దసారు మొఖంల నెత్తురు లేదు. ఉపేందర్‌రావు లేసి నిలవడి “ఏంది, మిస్సుకు తెలుగు వస్తదా” అన్నడు. ఎనుకకెళ్లి ఇంకెవ్వలో “అవ్వ అంటుందేంది” అన్నరు. నా బిడ్డ తల ఎత్తింది. నోరు తెరిసింది. చెప్పబోయింది. ఈమె నా తల్లి అని చెప్పబోయింది, నాకు దాని మొఖంల కనవడ్డది. చెప్పనిస్తే అయిపోతుండె. ఆడికి నౌకరి పోతుండె, ఇజ్జత్ పోతుండె, మోసం చేసినరని ఊరు మీదవడుతుండె. ఏం పోతే ఏంది, నా బిడ్డ నాకు మిగులుతుండె. ఇప్పుడు తెలుస్తున్నది ఇది. అప్పుడు నా కండ్లకు ఆ నల్లబోర్డు, దాని మీద ముత్యాల రాతనే కనవడ్డది. ఆరు నెలలు ఓర్సుకున్నది ఒక్క గడియల మట్టిల గలుస్తదని భయమైంది.

“తెలుగు ఏడిది సారూ” అన్న. నవ్విన గూడ. చెయ్యి ఇరిగి ఉన్నది, నవ్విన. “ఎల్కేజీ పిల్లలు నన్ను అవ్వ, అవ్వ అంటరు గద. దినాం ఇని ఇని మిస్సు గూడ పట్టుకున్నది. పాపం, ఈ ఊర్లె ఆమెకు ఎవ్వలున్నరు, పిల్లల మాటలే నేర్సుకుంటది.”

తర్వాత ఒక తల్లి “అయ్యో, ఎంత మంచి మనసు” అన్నది. ఒకలు చప్పట్లు షురూ చేసిండ్రు. అందరు కొట్టిండ్రు. నేను కింద పడి ఉన్న, నా చుట్టు చప్పట్లు. ఉపేందర్‌రావు “మనోళ్లకు పదేండ్లయినా ఇంగ్లీషు రాదు, ఆమెకు ఆరు నెలలల్ల తెలుగు వచ్చింది చూసిండ్రా” అన్నడు. పెద్దసారుకు ఊపిరి వచ్చింది. ఒకాయన ఫోన్ పట్టుకొని ముంగటికి వచ్చిండు. “మిస్, వన్స్ మోర్. అవ్వా అనుండ్రి మిస్, మల్లొక్కసారి.”

నవ్య నా దిక్కు చూసింది. నేను కండ్లతోని చెప్పిన, అను అని. అది తల అడ్డం ఊపింది. నేను మల్ల చెప్పిన. దాని ఒళ్లె ఉన్న నా తలకాయ మీద ఒక్క చుక్క పడ్డది. అప్పుడు అది ఫోన్ దిక్కు తిరిగి, నోరు తిరగనట్టు, పరాయి దేశపోళ్లు అన్నట్టు, “అవ్...వా” అన్నది. అందరు మస్తు నవ్విండ్రు.

నన్ను సర్కారు దవాఖానకు తీసుకపోయిండ్రు. చేతికి పట్టి, నడుముకు బెల్టు, లేవొద్దన్నరు. మర్నాడు సాయంత్రం నవ్య వచ్చింది, మొఖానికి చున్నీ కట్టుకొని. పక్క మంచం మీద ఉన్న ముసలమ్మ కోడలు మా బడి పిల్ల తల్లే. చున్నీ ఇప్పంగనే గుర్తుపట్టి, “జిషా మిస్, ఆయా కోసం వచ్చిండ్రా” అని లేసి స్టూలు జరిపింది. అది స్టూలు మీద కూసున్నది. నా మంచి చెయ్యి పట్టుకున్నది. మాట్లాడుడు షురూ చేసింది, ఇంగ్లీషుల.

శానసేపు మాట్లాడింది. ముందుగాల మెల్లగ, తర్వాత గబగబ. ఒకతాన గొంతు పెరిగింది, కొట్లాడినట్టు. ఒకతాన అడిగినట్టు ఆగింది, నా మొఖం చూసింది. నేను తల ఊపిన. ఏమడిగిందో తెల్వకుంటనే ఊపిన. మల్ల మాట్లాడింది, ఏడ్సుకుంట మాట్లాడింది. ఆరు నెలల నుంచి లోపట పెట్టుకున్నదంతా అక్కడ పోసింది. నాకు ఒక్కటంటే ఒక్క మాట సమజ్ గాలే. మూడో తరగతి తర్వాత మా బాపు నన్ను సదువుకు పంపలేదన్న కోపం అరవై దగ్గరవడ్డంక ఆ పొద్దు వచ్చింది.

“ఏమంటుంది ఆయమ్మా మిస్సు” అని అడిగింది పక్క మంచం కోడలు.

“జల్ది మంచిగ గావాలె అంటుంది” అన్న.

నవ్య నా చెయ్యి ఇడిసిపెట్టింది. చున్నీ కట్టుకొని పోయింది.

ఇంటికొచ్చినంక ఫోన్ల అడిగిన. “ఆ దినం ఏమన్నవే బిడ్డా?” “ఏం లేదే” అన్నది. మల్ల అడిగిన. “యాదికి లేదు, అవ్వా” అన్నది. దానికి పద్యాలు పద్యాలు యాదికుంటయ్, గిది యాదికి లేదట. ఇంక అడగలే.

చెయ్యి వంకర అతికింది. బకెటు లేవదు. పెద్దసారు మంచోడే, చీర పెట్టి పంపిండు. నా తాన కోరపల్లి ఆమెను పెట్టుకున్నడు. నవ్య వచ్చే ఏడాదికి గూడ సంతకం పెట్టింది, నన్ను అడగలే. ఏడాది అయిపోతే యాడికన్న పోదువంటిని గద, ఎందుకే అంటే, “నీకు బడి ఇష్టం గద” అన్నది. కోపంల అనలే. మామూలుగనే అన్నది. కోపంల అన్నా బాగుండు.

ఆ దినం తీసిన వీడియో పెద్దసారు అడ్మిషన్లకు వాడుకున్నడు. ఊర్లె అందరి ఫోన్లకు వచ్చింది. కేరళ మిస్సు మన భాష నేర్సుకున్నదని కింద రాసి ఉన్నదట. మా పక్కింటామె నాకు చూపిచ్చింది, నువ్వు గూడ ఉన్నవు చూడు అని. చూసిన. నేను నవ్వుతున్న. నా బిడ్డ “అవ్...వా” అంటుంది. ఆమె అది రెండుసార్లు పెట్టింది, నవ్వుకుంట.

ముందుగాల ఉరికొచ్చి అన్నది అండ్ల లేదు. దాన్ని ఎవ్వలు తియ్యలే, అప్పటికి ఎవ్వల చేతిల ఫోన్ లేదు. అది ఒక్క నా చెవులల్లనే ఉన్నది అనుకొని కొన్ని దినాలు నిమ్మళంగ ఉన్న. ఇప్పుడు అది గూడ చెరిగిపోతుంది. నవ్య దినాం సాయంత్రం ఫోన్ చేస్తది, తిన్నవా అని అడుగుతది, మందులు వేసుకున్నవా అంటది, ఏమి తక్కువ చెయ్యది. గని అది అవ్వా అంటే నాకు ఆ వీడియోల అన్నట్టే ఇనవడుతుంది.